ఊరి మనుషులుగా నిలబడుట

ఒక సీమ చరిత్ర వ్రాయువారు సాధారణముగా పాలకుల పేర్లు, కట్టడముల తేదీలు, ప్రభుత్వపు ఉత్తరువులు ఏర్చి కూర్చుతారు. అవి అవసరమే. అయితే ఆ తేదీల వెనుక పేరు లేని జనము ఎప్పుడూ ఉంటుంది. కబురు అందగానే వచ్చినవారు, ఒకనాటి కూలి మానుకొని వచ్చినవారు, ఎండలో రోడ్డు మీద కూర్చున్నవారు, సాయంకాలము ఏ ప్రతిఫలము లేకుండ ఇంటికి మరలినవారు. ఈ శతవార్షిక సంచికలో సంఘముల చరిత్రను, సేవకుల చరిత్రను పెద్దలు వివరముగా వ్రాస్తున్నారు. గనుక మేము ఆ పేరు లేని జనమును గూర్చి, అందునా నంద్యాల, ఆళ్లగడ్డ సీమలో వారు బయటికి వచ్చి నిలబడిన సందర్భములను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచినాము.

గ్రామములలో తిరుగునప్పుడు మాకు తరచు ఎదురయ్యే ప్రశ్న ఒకటి కలదు. ధర్నా అని, సభ అని, విచారణ అని కబురు వస్తుంది. “అయ్యగారూ, మేము పోతే ఏమవుతుంది? మేము పోకుంటే ఏమి ఆగుతుంది?” అని అడుగుతారు. ఇది సోమరితనముతో అడిగే ప్రశ్న కాదు. పోతే కూలి పోతుంది. కేసు పడితే ఏండ్ల తరబడి కోర్టు మెట్లు ఎక్కవలసి వస్తుంది. పని జరిగితే పేరు నాయకునిది, జరగకపోతే నష్టము తమది. ఇంత బరువున్న ప్రశ్నకు ఉపన్యాసముతో జవాబు చెప్పుట సరికాదు. ఈ నేల మీద జరిగినదేమో చూచి జవాబు వెదకుట మంచిది.

పేరు పెట్టుకొన్న సభ

1800లో నిజాము ఈస్టు ఇండియా కంపెనీకి వదలిపెట్టిన జిల్లాలు గనుక మన ప్రాంతమును చాలకాలము దత్తమండలములని పిలిచినారు. ఒకరు ఇచ్చివేసిన సొత్తు అన్న అర్థము ఆ మాటలోనే ఉన్నది. ఆ పేరును తొలగించి రాయలసీమ అను పేరు పెట్టుకొన్నది 1928 నవంబరులో, నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభ సందర్భములోనే. చిలుకూరి నారాయణరావు గారి పేరు ఈ నామకరణముతో ముడిపడి ఉన్నది. ఏ ప్రభుత్వమూ ఉత్తరువు జారీ చేసి ఇచ్చిన పేరు కాదిది. సభకు వచ్చినవారు తమ ఊళ్లకు మోసుకొనిపోయి, మాటలలో వాడి, నిలబెట్టిన పేరు. నూరేండ్లు నిండవచ్చుచున్న ఈ దినములలో అధికారులు సైతము ఆ పేరే వాడుచున్నారు. వచ్చినవారు ఏమి సాధించగలరో చెప్పుటకు నంద్యాల వారికి ఇంతకన్న దగ్గరి ఉదాహరణ లేదు.

అయితే మన సీమలో జనము కూడి వచ్చుటకు దీనికన్న పాతదైన మరొక పద్ధతి ఉండెను. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కంపెనీ ప్రభుత్వము మీద తిరుగబడినప్పుడు వందలాది మంది ఆయన వెంట నడచినారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను బహిరంగముగా ఉరితీసినారు. ఆయన తెగువను ఈ సీమ మరువలేదు, మరువరాదు. కాని ఆయన వెంట నడచినవారు రెడ్డిగారి మనుషులుగా నడచినారు. పాలెగాండ్ర కాలము గడచిపోయిన తరువాత కూడ ఈ అలవాటు పోలేదు. ఫలానావారి మనిషి అన్న గుర్తు లేకుండ ఒక రైతు గాని కూలి గాని రోడ్డు మీదికి వచ్చుట అరుదైనది. ముఠా కక్షలు ఈ అలవాటు మీదనే పెరిగినవి. పిలిచిన మనిషిని చూచి వచ్చుట, పిలిచిన పనిని చూచి వచ్చుట అను ఈ రెండింటి తేడా తెలిస్తేగాని తరువాతి చరిత్ర మనకు అర్థము కాదు.

ఇంటిలో వ్రాసుకొన్న ఒప్పందము

1937 నవంబరు 16న మదరాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ అను భవనములో, కోస్తా జిల్లాల పెద్దలు, రాయలసీమ పెద్దలు కూర్చుని ఒక ఒడంబడిక చేసుకొన్నారు. కృష్ణ, తుంగభద్ర, పెన్న నదుల నీటి వినియోగములో రాయలసీమకు ప్రాధాన్యము ఉండవలెనని, రాజధాని, హైకోర్టులలో తమకు కావలసినదానిని కోరుకొనే హక్కు రాయలసీమకు ఉండవలెనని అందులో వ్రాసుకొన్నారు. వ్రాసినవారు పెద్దమనుషులే, వారి ఉద్దేశమూ మంచిదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడి కర్నూలు రాజధాని అయినది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలిపోయినది. నీటి మాట అంతకన్న తేలికగా మరుగున పడినది. 1950ల ఆరంభములో ఉమ్మడి మదరాసు రాష్ట్రములో ఆలోచించిన కృష్ణా–పెన్నా పథకమునకు మన ప్రాంతపు సిద్ధేశ్వరము ముఖ్యస్థలము. అది అమలుకు రాలేదు. దానికి బదులు దిగువన నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది.

ఒక ఇంటిలో కొందరు పెద్దలు వ్రాసుకొన్న మాటకు ఆ కాలములో ఊళ్లలో కావలివారు లేకపోయినారు. ఆ ఒడంబడికలో ఏమున్నదో ఆళ్లగడ్డ పొలములలో దున్నేవానికి ఎవరూ చెప్పలేదు. తెలియని హక్కును అడుగుటకు ఎవరు వస్తారు? మా దృష్టిలో శ్రీబాగ్ ఒడంబడిక నేర్పే మొదటి పాఠము ఇదే. సంతకము పెట్టినవారు గతించినా మాట బ్రతకవలెనంటే, అడుగువారు వీధిలో ఉండవలెను.

శ్రీశైలము జలాశయము కథ ఇంకా బాధాకరమైనది. 1963లో శంకుస్థాపన జరిగిన ఆ ఆనకట్ట నిండేసరికి కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాలలో వందకు పైగా గ్రామములు మునిగినవి. 1981లో ఊళ్లను ఖాళీ చేయించునప్పుడు ఇండ్లను కూలగొట్టించినారు. నిర్వాసితుల కుటుంబములలో ఉద్యోగములు ఇచ్చుటకు 1986లో 98వ నెంబరు జి.ఓ. వచ్చినది. అంతటితో పని ముగియలేదు. కాగితము వచ్చిన తరువాత దానిని అమలుపరచుడని అడుగుచు, ఆ కుటుంబముల పిల్లలు నడివయస్కులయ్యేవరకు దీక్షలు చేయుచు వచ్చినారు. జి.ఓ. ఒకనాడు వస్తుంది. దానిని బ్రతికించుకొనుట ఏండ్ల పని.

ఆ జలాశయము ఒడ్డున ఉండి కూడ నీటికి వెదకుకొనవలసిన స్థితి మనది. శ్రీశైలము పూర్తి మట్టము 885 అడుగులు. పోతిరెడ్డిపాడు నుండి మన కాలువలకు నీరు సరిగా రావలెనంటే కనీసము 854 అడుగులు నిలువవలెను. 1996లో 69వ నెంబరు జి.ఓ. ఆ కనీస మట్టమును 834 అడుగులకు దించినది. 2004లో 107వ నెంబరు జి.ఓ. దానిని తిరిగి 854కు చేర్చినది. ఇరువది అడుగుల అంకె కాగితము మీద చిన్నదే. పొలములో అది పైరు పండుటకు, ఎండుటకు మధ్యనున్న తేడా.

సిద్ధేశ్వరము దారిలో

ఈ నేపథ్యములో 2016 మే 31న జరిగినదానిని చూడవలెను. నంద్యాల కేంద్రముగా పనిచేయుచున్న రాయలసీమ సాగునీటి సాధన సమితి, శ్రీ బొజ్జా దశరథరామిరెడ్డి గారి నాయకత్వములో, కృష్ణానది మీద సంగమేశ్వరము వద్దనున్న సిద్ధేశ్వరములో అలుగు కట్టవలెనని కోరినది. దిగువన శ్రీశైలములో మట్టము పడిపోయినా అలుగు వెనుక కొంత నీరు నిలుస్తుంది, అది సీమ కాలువలకు పనికివస్తుంది అన్నది వారి వాదము. ప్రభుత్వము శంకుస్థాపన చేయదు గనుక ప్రజలే చేస్తారని ప్రకటించి తేదీ పెట్టినారు. పోలీసులు అనుమతి ఇవ్వలేదు. దారులలో కాపలా పెట్టినారు. ఎందరినో మధ్యలోనే ఆపివేసినారు. అయినను పొలము గట్ల వెంట, అడ్డదారుల వెంట రైతులు నదీతీరమునకు చేరుకొని, వేలాదిమంది కూడి, తమ చేతులతో శంకుస్థాపన చేసినారు.

అలుగు కట్టబడినదా అని అడిగితే, లేదనే జవాబు చెప్పవలెను. మరి వెళ్లినవారి శ్రమ వ్యర్థమా? మేము అట్లు తలచుట లేదు. 1950ల తరువాత సిద్ధేశ్వరము అనే మాట పాత పథకముల దస్త్రములలో మిగిలిపోయినది. 2016 తరువాత అది నంద్యాల, ఆళ్లగడ్డ, నందికొట్కూరు ఊళ్లలో టీ అంగళ్ల వద్ద వినవచ్చే మాట అయినది. ఏటేటా మే 31న ఆ దినమును జ్ఞాపకము చేసుకొనువారున్నారు. 2022లో సోమశిల, సిద్ధేశ్వరముల మధ్య కృష్ణ మీద తీగల వంతెనకు కేంద్ర ప్రభుత్వము ఆమోదము తెలిపినప్పుడు, వంతెనతో పాటు బ్యారేజి కూడ కట్టుడని సీమ ప్రజలు వెంటనే అడుగగలిగినారు. ఆ కోరిక అప్పటికప్పుడు పుట్టినది కాదు. ఆరేండ్ల క్రితము నడచినవారు దానిని బ్రతికించి ఉంచినారు. శ్రీబాగ్ మాటకు లేని కావలివారు సిద్ధేశ్వరమునకు దొరికినారు. ఇందులో మరొక విశేషము, అక్కడికి చేరినవారు ఏ ఒక్కరి మనుషులుగా కాక నీరు కావలసిన రైతులుగా వచ్చినారు.

కక్షల ఊరు ఏకమైన దినము

రెండవ ఉదాహరణ యురేనియమునకు సంబంధించినది. పొరుగున కడప జిల్లా వేముల మండలములోని తుమ్మలపల్లె గనికి 2006లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగి, 2007లో శంకుస్థాపన అయి, 2012లో ఉత్పత్తి మొదలైనది. తరువాత వ్యర్థముల చెరువు సమీపములోని గ్రామముల రైతులు తమ బోరు నీరు చెడిపోవుచున్నదని, అరటి తోటలు దెబ్బతినుచున్నవని మొరపెట్టుకొన్నారు. 2018లో కాలుష్య నియంత్రణ మండలి నోటీసులు ఇచ్చుటకు ఆ మొరలే కారణము. అప్పటికి గని నడచుచునే ఉన్నది. పని మొదలైన తరువాత అడుగుట ఎంత కష్టమో తుమ్మలపల్లె మనకు చూపినది.

ఆ పాఠము ఉత్తరముగా ప్రయాణము చేసినది. 2019లో ఆళ్లగడ్డ మండలము యాదవాడ ప్రాంతములో యురేనియము అన్వేషణకు బోర్లు వేయుచున్నారని తెలియగానే అక్కడి రైతులు ఆందోళనకు దిగినారు. మాజీ మంత్రి శ్రీమతి భూమా అఖిలప్రియ కూడ వెళ్లి వారితో నిలిచినారు. ఆ సంవత్సరమే సెప్టెంబరులో నల్లమల ఆవలి వైపున ప్రజల ఒత్తిడి ఫలితముగా తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియము తవ్వకములు వద్దని తీర్మానము చేసినది.

2024 నవంబరులో కర్నూలు జిల్లా దేవనకొండ మండలము కప్పట్రాళ్లలో జరిగినది ఇంకా గమనింపదగినది. అక్కడి రక్షిత అటవీ ప్రాంతములో 68 బోర్లు వేసి అన్వేషణ చేయుటకు ప్రతిపాదన వచ్చినది. కప్పట్రాళ్ల, చుట్టుపట్ల గ్రామముల ప్రజలు కర్నూలు–బళ్లారి రోడ్డు మీద బైఠాయించినారు. కొద్దిదినములలోనే అన్వేషణ నిలిపివేయుచున్నట్లు జిల్లా యంత్రాంగము ప్రకటించినది. ఆ ఊరి పూర్వచరిత్ర తెలిసినవారికి ఈ వార్తలో మరొక సంగతి కనబడుతుంది. ముఠా కక్షలకు పేరుపడిన ఊరది. 2008లో ఒకే దాడిలో 11 మంది హతులైనప్పుడు రాష్ట్రమంతటా వినబడిన పేరు అది. అటువంటి ఊరివారు, ఎవరు ఎవరి వర్గమన్నది ప్రక్కన పెట్టి, మా నీరు, మా అడవి అని ఒకే రోడ్డు మీద ప్రక్కప్రక్కన కూర్చున్నారు. బోర్లు ఆగినవని సంతోషించుట సహజమే. రేపు మరల రావచ్చునేమో చెప్పలేము. కాని ప్రక్కప్రక్కన కూర్చుని లేచిన ఊరు, మునుపటి ఊరు ఒకటి కాదు. ముఠాలు పుట్టించిన సీమలో ఊరుమ్మడి నిరసన ఒక వైద్యమువంటిదని మేము చెప్పుటకు కారణము ఇదే.

వచ్చి నిలబడితే ఏమి జరుగుతుంది

వచ్చి నిలబడుటలో మూడు ఉపయోగములు మాకు కనబడుచున్నవి. మొదటిది, లెక్కలోనికి వచ్చుట. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారము పెద్ద గనులకు, కర్మాగారములకు ముందుగా బహిరంగ విచారణ జరుపవలెను. ముప్పది దినముల ముందు పత్రికలలో ప్రకటించవలెను. ప్రజలు చెప్పినదానిని వ్రాసి, స్థానిక భాషలో చదివి వినిపించి, సంతకములు చేయవలెను. అయితే అందులోనే మరొక మాట కలదు: విచారణ మొదలుపెట్టుటకు ఇంతమంది హాజరు కావలెనన్న నియమము లేదు. అనగా ఎవరూ రాకపోయినా విచారణ జరిగినట్లే. “మేము పోకుంటే ఏమి ఆగుతుంది?” అన్న ప్రశ్నకు చట్టమే జవాబు చెప్పుచున్నది. మీరు పోకుంటే ఏమీ ఆగదు, మీ అభ్యంతరము లేనట్లుగా ముందుకు సాగుతుంది. 

రెండవది, ఆపగల శక్తి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపము చదువులతో మేల్కొనిన స్త్రీలు సారాకు ఎదురుతిరిగినప్పుడు, వారి వద్ద ధనము గాని పదవి గాని లేదు. సారా పాటలు జరుగుచోటికి పోయి నిలబడినారు. పాటలు మరల మరల వాయిదా పడినవి. పాటలు లేక సారా వ్యాపారము నడవదు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి 1997లో సడలింపబడినది. పూర్తి గెలుపు నిలువకపోయినా, ఎక్కడ నిలబడితే పని ఆగుతుందో ఆ స్త్రీలు కనిపెట్టినారు. ఊరికే గుమిగూడుటకన్న అది మేలైన తెలివి.

మూడవది, మిక్కిలి పేదలకు సంబంధించినది. 1985 జూలై 17న ప్రకాశము జిల్లా కారంచేడులో దళితుల మీద దాడి జరిగి ఆరుగురు హతులైన తరువాత, మిగిలినవారు చీరాలకు చేరి శిబిరము వేసుకొని అక్కడే నిలిచినారు. వారిని చూడవచ్చినవారి వలన, వారితో నడచినవారి వలన ఆ దుఃఖము ఒక ఊరి గోడల మధ్య అణగారిపోలేదు. ఆ సంవత్సరమే దళిత మహాసభ ఏర్పడినది. 1989లో షెడ్యూల్డు కులముల, తెగల అత్యాచార నిరోధక చట్టము వచ్చుటకు దారితీసిన పరిస్థితులలో కారంచేడు ఒకటి. బలము లేనివారికి వారి సంఖ్యయే సాక్ష్యము. తోడుగా వచ్చి కూర్చున్న ఒక్కొక్కరు ఆ సాక్ష్యమునకు బరువు చేర్చుతారు.

కొన్ని హెచ్చరికలు

లారీలలో తరలించి, చేతికి ఇన్నూరో మున్నూరో ఇచ్చి, అన్నము పొట్లము పెట్టి కూర్చుండబెట్టే జనము వేరు. అక్కడికి వెళ్లినవారిని నిందించుట మా ఉద్దేశము కాదు. పేదకు ఆ కూలి కూడ కూలియే. కాని అటువంటి రాకకు విలువ కట్టినది మరొకరు గనుక, మాట కూడ వారిదే అవుతుంది. బస్సుల మీద రాళ్లు వేయుట వలన న్యాయమైన కోరిక కూడ చెడిపోతుంది. నిషేధాజ్ఞలు ఉన్నవా లేవా అన్నది ముందుగా తెలుసుకొనవలెను. పూర్వము 144వ సెక్షను అని మనము వినినది 2024 జూలై 1 నుండి క్రొత్త చట్టములో 163వ సెక్షను అయినది. ముసలివారిని, బాలింతలను, కేసు పడితే ఉద్యోగావకాశము పోగొట్టుకొనే విద్యార్థులను ముందువరుసకు త్రోయరాదు. ఎవరి మీదనైనా కేసు పడితే, వాయిదాలకు వారితో కూడ ఎవరో ఒకరు వెళ్లి కోర్టు బయట కూర్చుండవలెను. రోడ్డు మీదికి వచ్చుట ఒకదిన ధైర్యము, కోర్టు బయట కూర్చుండుట ఏండ్ల ధైర్యము. రెండవది లేకుంటే మొదటిది ఎక్కువకాలము నిలువదు.

అందరూ అన్నింటికీ పోవలెనని కూడ మేము చెప్పము. తన ఊరి చెరువు, తన వీధి బడి, తన కాలువ చివరి తూము, తన పొరుగువాని కష్టము, వీటికి పోతే చాలు. దూరదేశపు అన్యాయమును గూర్చి పత్రికలో చదివి కోపించుటకన్న ప్రక్క వీధి మనిషితో పాటు తహసీలుదారు కార్యాలయము ముందు ఒక గంట నిలుచుట కష్టము. ఆ కష్టమునకే ఫలము ఎక్కువ.

ఒక మనవి

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైనది. కలెక్టరు కార్యాలయము దగ్గరకు వచ్చినది. ఆళ్లగడ్డ మనిషి తన అర్జీతో కర్నూలు దాకా పోవలసిన పని తప్పినది. దారి తగ్గినది గనుక పోకుండుటకు సాకు కూడ తగ్గినదని మేము నవ్వుచు చెప్పుచుందుము.

ఈ సంచికను చదువు సంఘ పెద్దలకు, యువజనులకు మా మనవి ఒకటి కలదు. మన ప్రతి సంఘములో బాప్తిస్మములు, వివాహములు, సమాధులు వ్రాసిపెట్టు రిజిస్టరు ఉన్నది. మన తాతల పేర్లు చరిత్ర గ్రంథములలో లేకపోయినా ఆ రిజిస్టరులో దొరకుచున్నవి. అటువంటిదే మరొక పుస్తకము ప్రతి ఊరిలో ఉండవలెనని మా కోరిక. ఏ తేదీన, ఏ పనికి, ఎక్కడికి, ఎవరెవరు వెళ్లినారు, అధికారి ఏమి చెప్పినాడు, తరువాత ఏమి జరిగినది అని నాలుగు పంక్తులు వ్రాసి ఉంచవలెను. ఏ మతస్థులైనా, ఏ వర్గమువారైనా, వెళ్లినవారందరి పేర్లు అందులో చేర్చవలెను. అది పదేండ్ల తరువాత ఊరికి సాక్ష్యముగా పనికివస్తుంది. మరల నూరేండ్లకు ఇట్టి సంచిక వెలువడునప్పుడు, ఈ సీమలో ఎవరు ఏలినారన్నదే గాక, ఎవరు వచ్చి నిలబడినారన్నది కూడ వ్రాయువారికి దొరకుతుంది.